చమురు క్షేత్రాలకు గార బెడద

జంషెడ్‌పూర్ నగరంలో గోల్‌మురి పేరు చెప్పగానే తగరం పూత పెట్టిన రేకు గుర్తుకు వస్తుంది. 1920లో టాటా ఉక్కు సంస్థ, బర్మా ఆయిల్ కంపెనీ కలిసి టిన్‌ప్లేట్ కంపెనీ ఆఫ్ ఇండియాను ఇక్కడ నెలకొల్పాయి. 1922లో ఉత్పత్తి ఆరంభమైంది. ఉక్కు సంస్థ పాత్ర సులభంగానే అర్థమవుతుంది. కాని చమురు కంపెనీకి తగరపు రేకుతో ఏమి పని అన్న సందేహం కలగవచ్చు. జవాబు ఆనాటి ప్రతి ఇంటి వంటగదిలోనూ ఉంది. బర్మా ఆయిల్ అమ్మే కిరసనాయిలు తగరపు డబ్బాల్లోనే ఊరూరికీ చేరేది. ఆ డబ్బాలకు కావలసిన రేకును విదేశాల నుంచి దిగుమతి చేసుకోవలసి రావడం వల్లనే ఆ సంస్థ గోల్‌మురి కర్మాగారంలో భాగస్వామి అయింది. నూనె అయిపోయిన తరువాత అదే డబ్బా నీళ్లు మోయడానికీ, ధాన్యం నిలువ చేయడానికీ పనికి వచ్చేది.

డబ్బాలోకి చేరే నాటికి కిరసనాయిలులో నీటిచుక్క ఉండదు. భూమి లోతుల నుంచి వెలువడే ముడిచమురు సంగతి వేరు. అది నీటితోనూ, వాయువుతోనూ కలిసి వస్తుంది. ఆ నీరు మామూలు నీరు కాదు. కోట్ల సంవత్సరాలు రాతిపొరల్లో నిలిచి, ఆ రాళ్లలోని ఖనిజాలను కరిగించుకున్న గాఢమైన ఉప్పునీరు. పైకి వచ్చే దారిలో ఒత్తిడీ ఉష్ణోగ్రతా మారగానే కరిగిన ఖనిజాలు తిరిగి రాయిగా మారి ఇనుప పాత్రల గోడలకు పట్టుకుంటాయి. చమురునూ నీటినీ వేరుచేసే పరికరాలకు ఈ గార ప్రపంచవ్యాప్తంగా పెద్ద బెడద. దానిని తొలగించడం ఎంత కష్టమో, రాకుండా నివారించడం అంత చవక. అయినప్పటికీ పరికరం మూలపడిన తరువాత గాని నివారణ గుర్తుకు రాకపోవడం ఈ రంగంలో తరచు కనిపించే విషాదం.

రేకుల మిల్లు నుంచి చమురు బావికి

గోల్‌మురిలో తగరం పూత వేసేముందు ఉక్కు రేకును శుభ్రపరచడం ప్రధానమైన ఘట్టం. కొలిమిలో ఎర్రగా కాలిన ఉక్కుపై ఇనుప ఆక్సైడ్ పెంకు కడుతుంది. ఆ పెంకు ఉండగా తగరం అతకదు. అందుచేత రేకులను ఆమ్లపు తొట్టెల్లో ముంచి పెంకును కరిగిస్తారు. ఇందులో ఒక చిక్కు ఉంది. పెంకును తినే ఆమ్లం, పెంకు పోయిన తరువాత ఉక్కును కూడా తింటుంది. దీనిని అరికట్టడానికి రేకుల మిల్లులు ఆమ్లంలో కొద్దిపాటి రక్షక రసాయనం కలపడం నేర్చుకున్నాయి. ఆ రసాయనం ఉక్కు ఉపరితలంపై పలుచని తెరలా పరుచుకుని, ఆమ్లాన్ని పెంకు పని మాత్రమే చేయనిస్తుంది. ఆ ఆమ్లపు ఆవిర్లనూ, కొలిముల వేడినీ భరించి పనిచేసిన గోల్‌మురి కార్మికులు 1929లో సుదీర్ఘమైన సమ్మె చేశారనీ, సుభాస్ చంద్ర బోస్ వారి పక్షాన నిలిచారనీ కార్మికోద్యమ చరిత్ర చెబుతున్నది.

రేకుల మిల్లులో పుట్టిన ఈ కిటుకును చమురు రంగం త్వరలోనే అరువు తెచ్చుకుంది. 1920 దశకం చివర అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో జిప్సీ ఆయిల్ కంపెనీ, బావుల గొట్టాలకు పట్టిన సున్నపు గారను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కరిగించడానికి ప్రయత్నించింది. గొట్టాలను కాపాడేందుకు ఆమ్లంలో కలిపిన పదార్థం, ఉక్కు మిల్లుల్లో రేకులు కడగడానికి వాడే 'రోడైన్' అనే రక్షక రసాయనమే. ఇనుప పెంకుకూ, చమురు బావి గారకూ ఆంగ్లంలో 'స్కేలు' అన్నదే పేరు కావడం కూడా ఈ రెండు వృత్తుల బంధుత్వాన్ని సూచిస్తుంది.

నిజానికి ఆమ్లంతో గారను వదలగొట్టడం తెలుగు గృహిణులకు కొత్త సంగతి కాదు. ఉప్పునీరు కాచిన బిందె అడుగున పట్టే తెల్లని పెచ్చును చింతపండుతో రుద్ది వదిలిస్తారు. చింతపండులోని పులుపు చేసే పనినే చమురు క్షేత్రంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేస్తుంది. అయితే చింతపండుకు లొంగని గార కూడా ఉన్నది. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

పాత్ర లోపల జరిగేది

క్షేత్రంలోని అనేక బావుల నుంచి గొట్టాలు ఒక గ్రూప్ గ్యాదరింగ్ స్టేషన్‌కు చేరతాయి. అక్కడ బావుల ద్రవమంతా కలిసి సెపరేటర్ అనే పెద్ద ఇనుప పాత్రలో ప్రవేశిస్తుంది. స్తూపాకారంలో పడుకోబెట్టిన ఈ పాత్రలో ప్రవాహం నెమ్మదిస్తుంది. వాయువు పైకి లేస్తుంది. బరువైన నీరు అడుగుకు దిగుతుంది. నడుమనున్న చమురు ఆనకట్ట వంటి అడ్డుపలకను దాటి అవతలి గదిలోకి పొర్లుతుంది. ఇదంతా కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది. ఇంకా చమురులో చిక్కుకుపోయిన సన్నని నీటి బిందువులను విడదీయడానికి హీటర్ ట్రీటర్ అనే మరో పాత్రను వాడతారు. దానిలో నిప్పుగొట్టాలు ఉంటాయి. గొట్టం లోపల వాయువు మండుతుంది, వెలుపల చమురు, నీరు వేడెక్కుతాయి.

గార ఈ వ్యవస్థను పలుచోట్ల దెబ్బతీస్తుంది. పాత్ర అడుగున పేరుకుంటే లోపలి ఖాళీ తగ్గి, ద్రవం నిలిచే కాలం తగ్గిపోతుంది. పది నిమిషాలు నిలవవలసిన నీరు ఆరు నిమిషాల్లోనే బయటికి పరుగెడితే చమురు చుక్కలను కూడా వెంట తీసుకుపోతుంది. నీటిమట్టాన్ని కొలిచే తేలుబంతికి గార పడితే అది కదలదు. అప్పుడు నీరు చమురు గదిలోకి గాని, చమురు నీటి గొట్టంలోకి గాని పోతుంది. నీటిని వదిలే కవాటం బిగుసుకుపోయినా అదే ఫలితం. గట్టిగా అంటుకోక నీటిలో తేలాడే గార నలకలు మరొక చిక్కు తెస్తాయి. అవి చమురు, నీరు కలిసే సరిహద్దున చేరి రెంటినీ విడిపోనివ్వని తెట్టును కడతాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది నిప్పుగొట్టాలపై పట్టే గార. ఉక్కుతో పోలిస్తే సున్నపు గార వేడిని ఇరవై రెట్లకు పైగా తక్కువగా ప్రసరింపజేస్తుంది. మంట వేడి నీటికి చేరక గొట్టం లోహంలోనే నిలిచిపోతుంది. లోహం ఎర్రబడి, మెత్తబడి, చివరకు చిల్లు పడుతుంది. చుట్టూ చమురు, లోపల మంట. ఇటువంటి చోట చిల్లు పడడమంటే ఏమిటో వివరించనక్కరలేదు.

గార పరిమాణం గురించి ఒక చిన్న లెక్క చూడవచ్చు. ఒక కేంద్రానికి రోజుకు 10,000 పీపాల నీరు వస్తున్నదనుకుందాం. పీపాకు 159 లీటర్ల వంతున అది దాదాపు 16 లక్షల లీటర్లు. లీటరుకు కేవలం 100 మిల్లీగ్రాముల ఖనిజం, అనగా చిటికెడు ఉప్పుకన్నా తక్కువ, గారగా మారినా రోజుకు 159 కిలోలవుతుంది. ఏడాదికి 58 టన్నులు. ఇదంతా పాత్రలోనే ఉండిపోదు గాని, అందులో పదోవంతు మిగిలినా ఆ పాత్రను తెరవక తప్పదు.

రెండు రకాల గార

సున్నపు గార, అనగా కాల్షియం కార్బనేట్, ఒత్తిడి తగ్గినప్పుడు పుడుతుంది. భూగర్భంలో అధిక ఒత్తిడి కింద నీటిలో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు, సెపరేటర్‌లోకి రాగానే సోడా సీసా మూత తీసినట్లు బుసబుసమంటూ వెళ్లిపోతుంది. దానితో నీటి క్షారత పెరిగి, కాల్షియం కరిగి ఉండలేక బయటపడుతుంది. పంచదార, ఉప్పు వంటివి వేడినీటిలో ఎక్కువగా కరుగుతాయి. కాల్షియం కార్బనేట్ అందుకు విరుద్ధం. వేడి పెరిగిన కొద్దీ తక్కువ కరుగుతుంది. నిప్పుగొట్టాలపైనే అది ముందుగా పట్టడానికి కారణం ఇదే.

రెండవది బేరియం సల్ఫేట్. ఇది వేడి వల్లనో, ఒత్తిడి వల్లనో కాక, ప్రధానంగా రెండు నీళ్లు కలవడం వల్ల పుడుతుంది. చమురు పొరల్లోని నీటిలో తరచు బేరియం ఉంటుంది, సల్ఫేట్ ఉండదు. సముద్రపు నీటిలో బేరియం దాదాపు శూన్యం, సల్ఫేట్ మాత్రం లీటరుకు సుమారు 2,700 మిల్లీగ్రాములు. చమురు పొరలో ఒత్తిడి తగ్గకుండా ఉండేందుకు సముద్రపు నీటిని లోపలికి పంపడం తీర క్షేత్రాలలో సాధారణం. ఆ నీరు కొంతకాలానికి ఉత్పత్తి బావులకు చేరుతుంది. రెండు నీళ్లు ఎక్కడ కలిస్తే అక్కడ గార ఏర్పడుతుంది. ఒక బావిలో ఒక నీరు, మరొక బావిలో మరొక నీరు వస్తుంటే, అవి తొలిసారి కలిసే చోటు సెపరేటర్ ముందున్న గొట్టమే.

బేరియం సల్ఫేట్ తెలుగువారికి అపరిచితమైన పదార్థం కాదు. ఒకప్పటి కడప జిల్లాలోని మంగంపేటలో తవ్వే ముగ్గురాయి ఇదే. ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో మంగంపేటది ఒకటి. బరువైన ఈ రాయిని పొడిచేసి, బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలపడానికి దేశవిదేశాల చమురు సంస్థలు కొనుగోలు చేస్తాయి. డబ్బిచ్చి బావిలోకి పంపిన ఖనిజమే, అడగకుండా గొట్టంలో పుట్టి నష్టం కలిగించడం ఒక విచిత్రం. కడుపు ఎక్స్‌రే తీసేముందు రోగి చేత తాగించే తెల్లని ద్రావణం కూడా ఇదే. దేనిలోనూ కరగదు గనుకనే అది శరీరానికి హాని చేయదు. లీటరు మంచినీటిలో కరిగేది రెండున్నర మిల్లీగ్రాములలోపే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం దీనిని కదిలించలేదు. డి.టి.పి.ఎ., ఇ.డి.టి.ఎ. వంటి ఖరీదైన రసాయనాల క్షార ద్రావణంలో గంటల తరబడి నానబెడితే కొంత కరుగుతుంది. మందంగా పేరుకుంటే ఉలి, సుత్తి, తీవ్రమైన ఒత్తిడితో చిమ్మే నీటిధారలే గతి.

ఉత్తర సముద్రంలోని మిల్లర్ క్షేత్రంలో జరిగిన సంఘటన ఈ రంగంలో ఇప్పటికీ ఉదహరిస్తారు. అక్కడ రోజుకు 30,000 పీపాల చమురు ఇస్తున్న ఒక బావి ఈ గార మూలంగా 24 గంటల్లో పూర్తిగా మూసుకుపోయింది.

గోదావరి తీరంలో

కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు సంస్థ 1978లో నర్సాపురం వద్ద వాయువును కనుగొన్నది. తీరానికి అవతల రవ్వ క్షేత్రం 1987లో బయటపడి, 1993లో ఉత్పత్తి ప్రారంభించింది. 1994లో ఈ క్షేత్రం ఉమ్మడి ఒప్పందం కిందికి వచ్చింది. నిర్వహణ బాధ్యత మొదట కమాండ్ పెట్రోలియంకు, 1996లో ఆ సంస్థను కొన్న కెయిర్న్‌కు దక్కింది. సముద్రంలోని బావుల నుంచి వచ్చే ద్రవం కోనసీమలోని సూరసాని యానాం టెర్మినల్‌కు చేరి అక్కడ చమురు, వాయువు, నీరుగా విడిపోతుంది. రోజుకు 70,000 పీపాల చమురును శుద్ధిపరచడానికి నిర్మించిన ఆ కేంద్రంలో, భూగర్భంలోకి తిరిగి 1,10,000 పీపాల నీటిని పంపే ఏర్పాటు ఉండడం గమనార్హం. చమురుకన్నా నీటికే ఎక్కువ సామర్థ్యం కల్పించవలసి వచ్చిందన్నమాట. 1999 ప్రాంతం నుంచి కొన్నేళ్లపాటు రోజుకు 50,000 పీపాల స్థాయిలో నిలిచిన రవ్వ ఉత్పత్తి తరువాత క్రమంగా తగ్గింది.

క్షేత్రం ముసలిదవుతున్న కొద్దీ చమురు తగ్గి నీరు పెరగడం ప్రకృతి ధర్మం. మొదట్లో నూటికి ఐదు పాళ్లున్న నీరు చివరికి తొంభై పాళ్లు దాటడం ప్రపంచమంతటా ఉన్నదే. కాని పాత్రలు అవే, కవాటాలు అవే. చమురు కోసం కట్టిన కేంద్రం కాలక్రమేణా నీటి కర్మాగారంగా మారుతుంది. గార సమస్య కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కోనసీమ వంటి చోట దీనికి మరొక ప్రాముఖ్యం ఉన్నది. కేంద్రాల చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు, కాలువలు. భూమిపై చమురు క్షేత్రాల నుంచి బయటికి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించరాదని పర్యావరణ నిబంధనలు విధిస్తున్నాయి. సెపరేటర్ సరిగా పనిచేయకపోతే ఆ తరువాతి శుద్ధి కేంద్రం ఎంత శ్రమించినా ఈ హద్దును పాటించడం కష్టం. కనుక గార నివారణ కంపెనీ లాభనష్టాల లెక్క మాత్రమే కాదు, పక్కచేను రైతు ప్రయోజనం కూడా.

దేశం దృష్టిలో చూసినా విషయం చిన్నది కాదు. భారతదేశం తన ముడిచమురు అవసరాలలో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నది. కొత్త క్షేత్రాలు దొరకడం అరుదు. ఉన్న పాత క్షేత్రాల నుంచి రాగలిగినంతా రాబట్టడమే చేతిలోని పని. గార వల్ల ఒక కేంద్రం నాలుగు రోజులు మూతబడితే, ఆ నాలుగు రోజుల చమురు స్థానంలో విదేశీ మారకం చెల్లించి తెచ్చుకోవలసిందే.

పిడికెడు మందు

1930 దశకంలో నీటి రసాయన శాస్త్రంలో రెండు ముఖ్యమైన పరిణామాలు సంభవించాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లాంగెలియర్ 1936లో, ఒక నీరు సున్నపు గారను కడుతుందో లేదో ముందుగానే చెప్పగల సూచికను ప్రకటించారు. నగరాల తాగునీటి కోసం రూపొందిన ఆ లెక్కను స్టిఫ్, డేవిస్ అనే ఇద్దరు 1952లో చమురు క్షేత్రాల ఉప్పునీటికి అనువుగా సవరించారు. రెండవ పరిణామం మరింత ఆశ్చర్యకరమైనది. కొన్ని ఫాస్ఫేట్ లవణాలను అతిస్వల్పంగా, పదిలక్షల పాళ్ల నీటికి కొద్ది పాళ్ల వంతున కలిపితే గార కట్టడం ఆగిపోతుందని ఆ దశకంలోనే తేలింది.

ఇంత తక్కువ మందుతో అంత ఖనిజం ఎలా ఆగుతుంది? మందు ఖనిజాన్ని కరిగించదు. అప్పుడే పుడుతున్న స్ఫటికంపై పెరుగుదలకు అనువైన మూలలు కొన్ని ఉంటాయి. మందు అణువులు ఆ మూలలకు అతుక్కుంటాయి. గోడ కట్టే మేస్త్రీ తరువాతి ఇటుక పెట్టవలసిన చోట ఎవరో ముందే కూర్చున్నట్లవుతుంది. స్ఫటికం పెరగక, వంకరపోయి, నీటితోపాటు కొట్టుకుపోతుంది. ఈ రక్షణ శాశ్వతం కాదు, కొంతకాలం ఆలస్యం మాత్రమే. అయితే సెపరేటర్‌లో నీరు ఉండేది నిమిషాలే గనుక ఆ ఆలస్యం సరిపోతుంది.

నేడు వాడుకలో ఉన్నవి ఫాస్ఫోనేట్లు, పాలీఅక్రిలేట్లు, ఇతర పాలిమర్లు. పైన చెప్పిన 10,000 పీపాల కేంద్రంలో పదిలక్షలకు పది పాళ్ల వంతున కలిపితే రోజుకు పట్టే మందు 16 కిలోలు. రోజుకు 159 కిలోల రాయిని 16 కిలోల మందు ఆపుతుందన్నమాట.

ఎంత కలపాలన్నదానికన్నా ఎక్కడ కలపాలన్నది ముఖ్యం. గార పుట్టే చోటుకు ఎగువనే మందు నీటిలో కలిసిపోవాలి. ఒత్తిడి తగ్గించే కవాటం దాటిన తరువాత మందు వేస్తే అప్పటికే స్ఫటికాలు పుట్టి ఉంటాయి. పుట్టిన స్ఫటికాన్ని ఆపడానికి పదిరెట్ల మందు పోసినా ఫలితం దక్కదు. బావి అడుగునే గార కడుతున్నట్లయితే మందును ఒత్తిడితో రాతిపొరలోకి పంపి, కొన్ని నెలలపాటు అది నెమ్మదిగా తిరిగి వచ్చేటట్లు చేస్తారు. ఆ మందులో మిగిలినది సెపరేటర్‌కు కూడా కొంత కాపుదల ఇస్తుంది.

మందుల మధ్య పొత్తు కుదరడం మరొక సమస్య. చమురు, నీటిని విడదీయడానికి ఒక రసాయనం, తుప్పు పట్టకుండా మరొకటి, గారకు ఇంకొకటి, అన్నీ ఒకే గొట్టంలో పడతాయి. తుప్పు నివారక మందులకు సాధారణంగా ధనావేశం, గార మందులకు ఋణావేశం ఉంటాయి. రెండూ పక్కపక్కన పడితే ఒకదానినొకటి పట్టుకుని జిగురుగా మారి అడుగున చేరవచ్చు. కాల్షియం అధికంగా ఉన్న నీటిలో ఫాస్ఫోనేట్ మోతాదు మించితే ఆ మందే కాల్షియంతో కలిసి గార కడుతుంది. అందుచేత ప్రతి క్షేత్రపు నీటితోనూ విడిగా పరీక్షించి మందును ఎన్నుకోవలసి ఉంటుంది. తక్కువ ధర టెండరు చూసి కొనదగిన వస్తువు కాదిది. కిలో ధర తక్కువైన మందు రెట్టింపు మోతాదు కోరితే మిగిలేది నష్టమే.

బేరియం సల్ఫేట్ విషయంలో ఇంకొక మార్గం ఉన్నది. సముద్రపు నీటిని లోపలికి పంపేముందే సూక్ష్మరంధ్రాల పొరల గుండా వడపోసి సల్ఫేట్‌ను తొలగించడం. 1980 దశకం చివర ఉత్తర సముద్రపు బ్రే క్షేత్రంలో మొదలైన ఈ పద్ధతి లీటరుకు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేట్‌ను 50కన్నా తక్కువకు దించగలదు. పెట్టుబడి భారీగా అవసరమైనా, క్షేత్రం రూపొందించేటప్పుడే నిర్ణయించుకుంటే తరువాతి పాతికేళ్ల బాధ తప్పుతుంది. అయస్కాంతాలతో గారను ఆపగలమనే పరికరాలు కూడా మార్కెట్లో ఉన్నాయి. కాని వాటి ఫలితాలు ఒకచోట కనిపించినట్లు మరొకచోట కనిపించవు. రోజుకు లక్షల లీటర్ల నీటిని వాటి మీద భారం వేసి వదిలేయడం సాహసమే.

సబ్బు గడ్డలు

గార అంతా రాయే కానక్కరలేదు. కొన్ని చమురుల్లో నాఫ్థెనిక్ ఆమ్లాలు ఉంటాయి. ఉప్పునీటి బావి దగ్గర బట్టలు ఉతికితే నురగ రాక, సబ్బు తెల్లని ముద్దలుగా తేలడం అందరూ చూసినదే. నీటిలోని కాల్షియం సబ్బులోని ఆమ్లాలతో కలవడమే అందుకు కారణం. సెపరేటర్‌లోనూ ఇదే జరుగుతుంది. వాయువు పోయి నీటి క్షారత పెరగగానే చమురులోని ఆమ్లాలు కాల్షియంతో కలిసి జిగట ముద్దగా సరిహద్దున తేలతాయి. గాలి తగిలితే ఆ ముద్ద గట్టిపడుతుంది. 1995లో ఉత్పత్తి ఆరంభించిన నార్వేలోని హైడ్రన్ క్షేత్రం ఈ బాధను ఎక్కువగా అనుభవించింది. ఎనభై కార్బన్ పరమాణువులతో, నాలుగు ఆమ్లపు చేతులతో ఉండే అరుదైన అణువులే ఈ ముద్దలకు మూలమని అక్కడి పరిశోధకులు కనుగొన్నారు. నాలుగు చేతులూ నాలుగు వైపుల కాల్షియంను పట్టుకోవడంతో వల అల్లినట్లవుతుంది. అసిటిక్ ఆమ్లం వంటి తేలికైన ఆమ్లాన్ని కొద్దిగా కలిపి క్షారతను దించడం ఇక్కడి నివారణ. అయితే ఆమ్లం ఎక్కువైతే ఉక్కు తుప్పు పడుతుంది, తక్కువైతే సబ్బు కడుతుంది. ఈ రెంటి నడుమ సిబ్బంది ప్రతిరోజూ తూకం చూసుకోక తప్పదు.

పాత్రలోకి దిగే మనిషి

నివారణ విఫలమైతే ఆ భారం చివరకు పడేది పాత్రలోకి దిగే కార్మికునిపైనే. ఉత్పత్తి ఆపి, ద్రవం ఖాళీ చేసి, వాయువును తరిమివేసి, గాలిని పరీక్షించిన తరువాత గాని మనిషి లోపలికి వెళ్లరాదు. ఇరుకైన రంధ్రం గుండా దిగి, వంగి నిలబడి గారను గోకవలసి ఉంటుంది. సున్నపు గార గదా అని ఆమ్లం పోస్తే మరో ప్రమాదం పొంచి ఉంటుంది. గారలో ఇనుప సల్ఫైడ్ కలిసి ఉంటే ఆమ్లం తగలగానే హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. కుళ్లిన కోడిగుడ్ల వాసన గల ఈ విషవాయువు ఎక్కువైతే ముక్కు ఆ వాసననే పట్టలేకపోతుంది. వాసన పోయింది గనుక ప్రమాదం పోయిందని భావించిన వారు ప్రాణాలు పోగొట్టుకుంటారు.

బేరియం గారలో మరో కంటికి కనిపించని ప్రమాదం ఉన్నది. భూగర్భ జలంలో సహజంగా ఉండే రేడియం, రసాయన స్వభావంలో బేరియంకు దగ్గరి బంధువు. గార కడుతున్నప్పుడు బేరియంతోపాటు రేడియం కూడా స్ఫటికంలో చేరిపోతుంది. ఆ కారణంగా కొన్ని క్షేత్రాల గారకు స్వల్పంగా రేడియోధార్మికత ఉంటుంది. రేడియం సగం తరగడానికి 1,600 సంవత్సరాలు పడుతుంది. వెలుపలి నుంచి తగిలే కిరణాలకన్నా, గోకినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోవడమే ఎక్కువ హానికరం. గారను తడిగా ఉంచి పనిచేయడం, ముఖానికి తగిన తొడుగు ధరించడం, తీసిన గారను పారబోయక విడిగా భద్రపరచడం తప్పనిసరి. గొట్టాలను పాత ఇనుముగా అమ్మే ముందు కొలతలు తీయడం కూడా అంతే అవసరం.

సీసాలో పట్టిన నీరు

ఇంతకూ గార నివారణలో అన్నిటికన్నా చవకైనదీ, అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేదీ నీటి పరీక్ష. సీసాలో పట్టి రెండు రోజుల తరువాత ప్రయోగశాలకు చేరిన నీరు, పాత్రలో ఉన్న నీరు కాదు. దారిలోనే వాయువు పోయి, క్షారత మారి, కొంత ఖనిజం సీసా అడుగున పడిపోతుంది. పైనున్న తేట నీటిని పరీక్షించి గార ప్రమాదం లేదని నివేదిక వస్తుంది. సరైన పద్ధతిలో క్షారతను బావి దగ్గరనే కొలవాలి. బేరియం కోసం తీసిన నమూనాను అక్కడికక్కడే పలుచన చేసి స్థిరపరచాలి. నీటిలో మిగిలిన మందు ఎంత అన్నది క్రమంగా చూడాలి. ప్రవాహంలో వేలాడదీసిన చిన్న లోహపు పలకలను నెలనెలా బయటికి తీసి తూచితే గార పడుతున్నదీ లేనిదీ ముందే తెలిసిపోతుంది. కొత్త బావిని పాత కేంద్రానికి కలిపే ప్రతిసారీ రెండు నీళ్లను ఒక గాజుపాత్రలో కలిపి చూడడం ఒక పూట పని.

ఈ జాగ్రత్తల అవసరం ఇకపై తగ్గేది కాదు. కాకినాడకు ఎదురుగా లోతైన సముద్రంలో చమురు, సహజవాయువు సంస్థ 2024 జనవరి 7న తొలి చమురును వెలికితీసింది. అక్కడ బావులు సముద్రం అడుగున ఉంటే, చమురునూ నీటినీ వేరుచేసే పాత్రలు నీటిపై తేలే నౌకలో ఉన్నాయి. నౌకలో అదనపు పాత్రకు చోటుండదు. అటువంటి చోట సముద్రగర్భంలోని బావికి మందును సన్నని గొట్టాల ద్వారా కిలోమీటర్ల దూరం పంపాలి. అడుగునున్న చల్లదనానికి ఆ మందు గడ్డకట్టినా, చిన్న నలక అడ్డుపడినా గొట్టం మూసుకుపోతుంది. దానిని విప్పి శుభ్రం చేయడానికి అక్కడికి మనిషి దిగలేడు. మందు నాణ్యతను తీరాన ఉండగానే వడపోసి, చల్లబరచి పరీక్షించవలసి ఉంటుంది.